దోసె అంటని టెఫ్లాన్‌కు రక్తం ఎందుకు అంటుకుంటుంది?

సైన్స్ కార్నర్: పదో తరగతి 'లైఫ్ ప్రాసెసెస్' పాఠం నుంచి



పోయిన నెల పదో తరగతిలో 'లైఫ్ ప్రాసెసెస్' పాఠం చెబుతున్నాను. గుండె, రక్తనాళాలు, ప్లేట్‌లెట్లు అయిపోయి, అదే పాఠంలో ఉన్న డయాలసిస్ బాక్సు దగ్గరికి వచ్చాం. పుస్తకంలో లేని సంగతి ఒకటి చేర్చి చెప్పాను. డయాలసిస్‌కు వెళ్లేవాళ్లలో కొందరికి చేతిలో చర్మం కింద టెఫ్లాన్‌తో చేసిన గొట్టం పెడతారని, ఒక్కోసారి అందులో రక్తం గడ్డకట్టి అది మూసుకుపోతుందని. మూడో బెంచీలో ఒకమ్మాయి చెయ్యెత్తింది.

"మేడం, టెఫ్లాన్ అంటే మా దోసె పెనం మీద ఉండేదే కదా? దానికి దోసే అంటుకోదు. రక్తం ఎలా అంటుకుంటుంది?"

క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అలాంటి గొట్టం మా ఇంట్లోనే ఉంది, మా నాన్నగారి ఎడమ చేతిలో.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. అక్కడి కిడ్నీ జబ్బు గురించి మీరు పేపర్లలో చదివే ఉంటారు. నాన్నగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్. మొదట మణికట్టు దగ్గర ధమనినీ సిరనీ కలిపి కుట్టారు. దాన్ని ఫిస్టులా అంటారు. ఆయన సిరలు సన్నగా ఉండటంతో అది నిలవలేదు. అప్పుడు ముంజేతిలో గొట్టం వేయాలన్నారు. దాన్ని గ్రాఫ్ట్ అంటారు. వేసేముందు డాక్టరుగారు రెండు రకాలు చెప్పారు. ఒకటి మామూలుది, రెండోది లోపల హెపారిన్ అనే మందు పూత ఉన్నది. పూత ఉన్నదానికి ఖర్చు ఎక్కువ. మేం మామూలుది చాలన్నాం. ఏడు నెలలకు అది మూసుకుపోయింది. ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో కూర్చుని అమ్మ ఒక్కటే మాట అంది. "ఆ డబ్బులేవో పెట్టేసి ఉంటే బాగుండేదేమోనే."

ఆ అమ్మాయి ప్రశ్నకూ మా అమ్మ మాటకూ కలిపి జవాబు చెప్పాలన్నది ఈ నెల నా ప్రయత్నం.

ఒకే రక్తం, మూడు రంగుల మూతలు

ఈసారి ల్యాబ్‌లో రక్తపరీక్ష చేయించుకున్నప్పుడు ట్యూబుల మూతలు చూడండి. ఊదా రంగు మూత ఉన్న ట్యూబులో రక్తం ఎంతసేపున్నా నీళ్లలాగే ఉంటుంది. అందులో గడ్డకట్టకుండా ఆపే రసాయనం ముందే వేసి ఉంచుతారు. ఆకుపచ్చ మూత ట్యూబులో ఉండేది హెపారిన్. ఎర్ర మూత ట్యూబులో మాత్రం అరగంటకల్లా రక్తం జెల్లీలా పేరుకుంటుంది. అదే మనిషి, అదే సూది, అదే నిమిషం. తేడా ట్యూబులో ఉంది.

ఎర్ర మూత ట్యూబులో గాయమేమీ లేదు కదా, మరి రక్తం ఎందుకు గడ్డకట్టింది? గోడ తగిలింది కాబట్టి. గాజు తగిలితే చాలు, రక్తంలో గడ్డకట్టే పని మొదలైపోతుంది. ఇప్పటి ప్లాస్టిక్ ట్యూబుల్లో ఆ పని ఇంకా త్వరగా జరగాలని లోపలి గోడకు సన్నని సిలికా పూత కూడా వేస్తారు. అంటే పూతతో రక్తాన్ని గడ్డకట్టించనూ వచ్చు, ఆపనూ వచ్చు. రక్తం ఏం చేయాలో తేల్చుకునేది చాలావరకు తనకు తగిలిన గోడను బట్టే.

గడ్డకట్టడం రక్తానికున్న లోపం కాదు. మీ అబ్బాయి గ్రౌండ్‌లో పడి మోకాలు చెక్కుకుపోయినప్పుడు అయిదు నిమిషాల్లో రక్తం ఆగిందంటే ఆ గుణం వల్లే. డెంగీ రోజుల్లో అందరికీ పరిచయమైన ప్లేట్‌లెట్లు ముందుగా వెళ్లి గాయానికి అడ్డం పడతాయి. తర్వాత ఫైబ్రిన్ అనే సన్నని దారాలు వలలా అల్లుకుని ఆ అడ్డును గట్టిపరుస్తాయి. ఫైబ్రిన్ దారాలను తయారు చేయించేది త్రాంబిన్ అనే ఎంజైము. ఈ పేరు గుర్తుంచుకోండి, కాసేపట్లో దీనితో పని పడుతుంది.

లోపలి గోడ ఊరికే ఉండదు

మరి మన ఒంట్లో రక్తం రోజంతా నాళాల గోడలను రాసుకుంటూనే పోతుంది కదా, అక్కడ ఎందుకు గడ్డకట్టదు? నాళం లోపలి గోడకు ఒకే ఒక్క కణం మందాన ఒక పొర ఉంటుంది. దాని పేరు ఎండోథీలియం. నేను చదువుకునే రోజుల్లో దీన్ని పైపు లోపల వేసిన నున్నటి పెయింటు అనుకునేదాన్ని. అది తప్పు.

ఈ పొర బతికున్న పొర, నిరంతరం పని చేస్తూనే ఉంటుంది. ప్లేట్‌లెట్లను శాంతపరిచే ప్రోస్టాసైక్లిన్ అనే పదార్థాన్ని విడుదల చేస్తుంది. దానితో సహా ఆ కుటుంబానికి చెందిన పదార్థాల మీద చేసిన పరిశోధనకే 1982లో జాన్ వేన్, మరో ఇద్దరు స్వీడన్ శాస్త్రవేత్తలు నోబెల్ పంచుకున్నారు. ఈ పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును కూడా వదులుతుంది. నాళం సడలడానికి, ప్లేట్‌లెట్లు గుంపుకట్టకుండా ఉండటానికి అది పనికొస్తుంది. దానిని కనిపెట్టిన కథకు 1998లో నోబెల్ వచ్చింది. ఇవి కాక, ఆ కణాల మీద మెత్తని నూగులాంటి చక్కెర గొలుసులు ఉంటాయి. వాటిలో ఒకటి హెపారాన్ సల్ఫేట్, మందుల షాపులో దొరికే హెపారిన్‌కు దగ్గరి చుట్టం.

ఇంటి గుమ్మం దగ్గర పెద్దవాళ్లు కూర్చుని వచ్చిపోయేవాళ్లందరినీ పలకరించినట్టు, ఈ పొర వచ్చిన ప్రతి రక్తపు బొట్టుకూ "ఇక్కడ అంతా బాగానే ఉంది, ముందుకు వెళ్లు" అని చెబుతూ ఉంటుంది. గాయమైన చోట ఆ పలకరింపు ఆగిపోతుంది. రక్తం వెంటనే పనిలోకి దిగుతుంది. ప్లాస్టిక్ గొట్టంలో పలకరించే ఆ పొరే లేదు. కష్టమంతా అక్కడే.

కుట్టుమిషన్ మీద తయారైన రక్తనాళం

కృత్రిమ రక్తనాళం కథ 1947లో న్యూయార్క్‌లో మొదలైంది. కొలంబియా యూనివర్సిటీలో ఆర్థర్ వూర్హీస్ అనే కుర్ర సర్జన్ కుక్కల గుండె మీద ప్రయోగాలు చేస్తున్నాడు. ఒక ఆపరేషన్‌లో పట్టుదారం కుట్టు ఒకటి పొరపాటున గుండె గదికి అడ్డంగా పడిపోయింది. కొన్ని నెలల తర్వాత చూస్తే ఆ దారం చుట్టూ మెరిసే సన్నని పొర పట్టి ఉంది. ఒక్క దారానికే శరీరం పొర కట్టగలిగితే, దారాలతో నేసిన గుడ్డకు కట్టలేదా అనుకున్నాడాయన. వినియాన్ అనే కృత్రిమ గుడ్డతో గొట్టాలు కుట్టి ప్రయోగించి, 1952లో ఆ ఫలితాలను ప్రచురించారు.

ఇంచుమించు అదే కాలంలో హ్యూస్టన్‌లో డాక్టర్ మైకేల్ డిబేకీ నైలాన్ గుడ్డ కోసం ఒక పెద్ద బట్టల షాపుకు వెళ్లారు. నైలాన్ అయిపోయింది, కొత్తగా డాక్రాన్ వచ్చిందన్నారు. ఆయన అదే కొనుక్కుని ఇంటికెళ్లి, భార్య కుట్టుమిషన్ మీద తనే గొట్టాలు కుట్టారు. చిన్నప్పుడు అమ్మ దగ్గర నేర్చుకున్న కుట్టు అలా పనికొచ్చింది. డాక్రాన్ అంటే మరేదో కాదు, పాలిస్టర్. మీ పిల్లల యూనిఫాం గుడ్డలో పత్తితో కలిసి ఉండే దారం కూడా పాలిస్టరే. గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని పాడైతే ఈ రోజుకీ ఎక్కువగా వాడేది డాక్రాన్ గొట్టాన్నే. 2005 డిసెంబరు చివర, 97 ఏళ్ల వయసులో, డిబేకీకే ఆ పెద్ద ధమని చీలింది. డాక్రాన్ గొట్టంతోనే ఆపరేషన్ చేసి ఆయన్ని బతికించారు. మరో రెండేళ్లు జీవించారు.

ఇక్కడొక చిత్రం ఉంది. డాక్రాన్ గుడ్డ కాబట్టి దాని సందుల్లోంచి రక్తం కారేది. అందుకని ఆపరేషన్‌కు ముందు రోగి రక్తాన్నే గొట్టానికి పట్టించి, సందుల్లో గడ్డకట్టనిచ్చేవారు. ఏది వద్దనుకుంటున్నామో దాన్నే వాడుకోవడమన్నమాట. ఇప్పుడు ఆ సందులను ఫ్యాక్టరీలోనే జెలటిన్‌తోనో కొల్లాజెన్‌తోనో మూసేస్తున్నారు.

టెఫ్లాన్ సంగతికొస్తే, 1969లో అమెరికాలో బాబ్ గోర్ దాన్ని వేడిచేసి మెల్లగా సాగదీయాలని చూశాడు. తెగిపోయేది. విసుగొచ్చి ఒక్క ఉదుటున లాగితే పదింతలు సాగింది. అలా సాగదీసిన టెఫ్లాన్‌లో కంటికి కనబడని సందులు బోలెడు. వాన తడవని జాకెట్లూ దానితోనే చేశారు, రక్తనాళాలూ దానితోనే చేశారు. నాన్నగారి చేతిలో ఉన్నది ఆ రకమే.

దోసె పెనం ప్రశ్నకు జవాబు

ఇప్పుడు మా విద్యార్థిని ప్రశ్న. టెఫ్లాన్‌కు నీళ్లంటే పడవు. తామరాకు మీద నీటిబొట్టులా దాని మీద నీళ్లు జారిపోతాయి. కానీ రక్తం ఉత్త నీళ్లు కాదు. అందులో ప్రోటీన్లు కరిగి ఉంటాయి. వాటిలో చాలావాటికి ఒక గుణం ఉంది. నీళ్లంటే పడని భాగాలను అవి లోపలికి ముడుచుకుని ఉంటాయి. నీళ్లంటే పడని గోడ ఎదురైతే ఆ భాగాలు బయటికి తెరుచుకుని గోడను పట్టేసుకుంటాయి. అంటే పెనానికి దోసె అంటకుండా చేసిన గుణమే ఇక్కడ ప్రోటీన్లను రమ్మని పిలుస్తుంది.

ఇదంతా రక్తం తగిలిన క్షణాల్లోనే జరిగిపోతుంది. గోడకు పట్టుకున్న ప్రోటీన్లలో ఫైబ్రినోజెన్ ఉంటుంది. ఆకారం మారిన ఫైబ్రినోజెన్‌ను చూడగానే ప్లేట్‌లెట్లు అక్కడేదో గాయమైందని వచ్చి వాలతాయి. దోసె పెనం మీద రెండు నిమిషాలుండి లేచిపోతుంది. గొట్టంలో రక్తం రాత్రీ పగలూ ఏళ్ల తరబడి పోతూనే ఉండాలి.

గొట్టం వెడల్పు కూడా లెక్కలోకి వస్తుంది. పెద్ద ధమనిలో రక్తం ఉరవడికి అంటుకున్నదేదైనా కొట్టుకుపోతుంది. అందుకే అక్కడ డాక్రాన్ గొట్టాలు దశాబ్దాలు నిలుస్తాయి. సుమారు 6 మిల్లీమీటర్ల కంటే సన్నబడితే మాత్రం కాస్త మందం పేరుకున్నా దారి మూసుకుపోతుంది. గుండెకు రక్తం తెచ్చే నాళాలు 3, 4 మిల్లీమీటర్లే. బైపాస్ ఆపరేషన్‌లో రోగి కాలి నుంచో ఛాతీ నుంచో సొంత నాళాన్నే తీసి వాడటానికి కారణం ఇదే. సొంత నాళంలో పలకరించే పొర ఉంటుంది.

మూడు ఉపాయాలు, వాటిలో రెండు మన వంటింట్లోవి

గోడను మార్చలేకపోతే గోడకు పూత వేయాలి. దశాబ్దాలుగా శాస్త్రవేత్తలు చేస్తున్న ప్రయత్నాలను మూడు దారులుగా చూడొచ్చు. వీటిలో రెండు మన వంటింట్లో రోజూ కనిపించేవే.

మొదటిది తడి చెయ్యి. గారెలు తట్టేటప్పుడు చెయ్యి తడి చేసుకుంటాం. పిండికీ చేతికీ మధ్య నీటిపొర ఉంటే పిండి అంటదు. అలాగే నీటిని గట్టిగా పట్టి ఉంచుకునే పాలిమర్లు ఉన్నాయి. పాలిఇథిలీన్ గ్లైకాల్ వాటిలో బాగా తెలిసినది. దాని పొడవాటి గొలుసులను బ్రష్షు వెంట్రుకల్లా గోడ మీద నిలబెడితే, వాటి మధ్య నీళ్లు నిలిచి, ప్రోటీన్లు గోడ దాకా రాలేవు. ఉపాయం మంచిదే కానీ, కాలం గడిచేకొద్దీ ఆ గొలుసులు శరీరంలో పాడవుతాయి. నెలల పాటు నిలవాల్సిన గొట్టానికి ఇదొక్కటే సరిపోదు.

రెండోది నూనె రాసిన ఇడ్లీ రేకు. దీన్ని శాస్త్రవేత్తలు వంటింటి నుంచి కాదు, ఒక మొక్క నుంచి నేర్చుకున్నారు. మన మేఘాలయలో కూడా పెరిగే కూజా మొక్క నెపెంథిస్ అంచు మీద ఎప్పుడూ పల్చని తడిపొర ఉంటుంది. దాని మీద కాలు పెట్టిన పురుగు జారి లోపల పడుతుంది. ఇది చూసి హార్వర్డ్‌లో జోవన్నా ఐజెన్‌బర్గ్ బృందం 2011లో జారుడు ద్రవం పట్టి ఉంచుకునే ఉపరితలాన్ని తయారు చేసింది. 2014లో అక్కడివాళ్లే ఆ ఉపాయాన్ని వైద్య గొట్టాలకు వాడారు. పూత వేసిన గొట్టాలను పందుల రక్తనాళాలకు కలిపితే, హెపారిన్ ఇవ్వకుండానే 8 గంటల పాటు గడ్డకట్టలేదు. గోడలు కూడా ఎక్కే బల్లి జాతి జీవి ఆ ఉపరితలం మీద కాలు నిలదొక్కుకోలేకపోయింది. 8 గంటలంటే ఆపరేషన్‌కు సరిపోయే సమయమే గానీ, నాన్నగారిలాంటి వాళ్లకు కావలసింది సంవత్సరాలు.

మూడో దారికి వంటింట్లో పోలిక లేదు. ఊరికే జారనివ్వడం కాకుండా, శరీరంలోని ఆ పొరలాగే రక్తంతో మాట్లాడే పూత ఇది. ఇక్కడికే హెపారిన్ వస్తుంది.

హెపారిన్‌ను ఒక కొసన కట్టడం

1916లో అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీలో జే మెక్లీన్ అనే వైద్య విద్యార్థికి ఒక పని అప్పగించారు. రక్తాన్ని గడ్డకట్టించే పదార్థం గురించి చూడమన్నారు. ఆయన కాలేయం నుంచి తీసిన ఒక పదార్థం సరిగ్గా దానికి వ్యతిరేకంగా, గడ్డకట్టకుండా ఆపింది. గ్రీకులో కాలేయాన్ని హెపార్ అంటారు కాబట్టి హెపారిన్ అని పేరు వచ్చింది. ఇప్పుడు దాన్ని ఎక్కువగా పంది పేగుల నుంచి తీస్తున్నారు. ఏ మందు ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవాలనుకునే కుటుంబాలు డాక్టరును ముందే అడగొచ్చు.

రక్తంలో యాంటీత్రాంబిన్ అనే ప్రోటీన్ ఎప్పుడూ ఉంటుంది. త్రాంబిన్‌ను పట్టుకుని పనిచేయకుండా చేయడం దాని పని. కానీ అది నెమ్మది మనిషి. హెపారిన్ తగిలితే దాని వేగం వెయ్యి రెట్లు పెరుగుతుంది. అది త్రాంబిన్‌ను పట్టుకుని వెళ్లిపోయాక హెపారిన్ మళ్లీ ఖాళీ అవుతుంది, మరోదానికి సాయం చేస్తుంది. కాబట్టి హెపారిన్‌ను గోడకు కట్టేసి ఉంచితే, అది ఖర్చయిపోకుండా అక్కడే పని చేస్తూ ఉండాలి. ఆలోచన ఇంతే. చేయడమే కష్టం.

1963లో అమెరికాలో విన్సెంట్ గాట్ అనే సర్జన్ బృందం గ్రాఫైట్ పూత మీద హెపారిన్‌ను నిలపగలిగింది. మధ్యలో జిగురులా పనిచేసింది బెంజల్‌కోనియం అనే క్రిమిసంహారకం. దానికి పాజిటివ్ చార్జి, హెపారిన్‌కు నెగటివ్ చార్జి. కానీ చార్జి మీద నిలిచిన హెపారిన్ రక్తప్రవాహంలో మెల్లగా ఊడిపోయేది. పోనీ రసాయన బంధంతో గట్టిగా అతికిద్దామంటే, గొలుసు అన్ని చోట్లా గోడకు అతుక్కుపోయి, యాంటీత్రాంబిన్‌ను తాకాల్సిన భాగం కిందపడి నలిగిపోయేది.

1980ల్లో స్వీడన్‌లో ఓలే లార్మ్ బృందం దీనికి దారి కనిపెట్టింది. హెపారిన్ గొలుసును ఒక్క కొస దగ్గర మాత్రమే గోడకు బంధించారు. మిగతా గొలుసంతా రక్తంలో స్వేచ్ఛగా ఊగుతుంది. చెరువులో నాచు ఒక చివర రాయికి పట్టుకుని, మిగతాది నీళ్లలో కదులుతూ ఉంటుంది చూడండి, అలాగ. శరీరంలోని పొర మీద హెపారాన్ గొలుసులు ఉండేదీ ఇలాగే. ఇదే పద్ధతిలో పూత వేసిన టెఫ్లాన్ గొట్టాలు 2000 దశకంలో యూరప్‌లో, తర్వాత అమెరికాలో వాడకంలోకి వచ్చాయి. మాకు డాక్టరుగారు చెప్పిన రెండో రకం ఇదే.

పూత ఎంత వరకు?

ఇప్పుడు అమ్మ మాట దగ్గరికి వస్తాను. ఈ పూత ఎంత మేలు చేస్తుంది?

కాళ్లకు రక్తం అందనివాళ్లకు బైపాస్ వేసేటప్పుడు స్కాండినేవియా దేశాల్లో రెండు రకాల గొట్టాలనూ పోల్చి చూశారు. 2011లో ఫలితాలు ప్రచురించారు. ఏడాది తర్వాత పూత ఉన్నవాటిలో సుమారు 86 శాతం, పూత లేనివాటిలో సుమారు 80 శాతం తెరుచుకుని ఉన్నాయి. నూరుమందిలో ఆరుగురికి తేడా అన్నమాట. ఆ ఆరుగురిలో మన మనిషి ఉంటే అది చిన్న తేడా కాదు. అలాగని పూత లేకపోతే గొట్టం నిలవదనీ కాదు, ఉంటే మూసుకుపోదనీ కాదు. డయాలసిస్ గొట్టాల విషయంలో చేసిన పరీక్షలన్నిటిలోనూ ఒకేలాంటి లాభం కనబడలేదు.

ఎందుకంటే పూత ఆపగలిగేది గోడ మీద గడ్డకట్టడాన్ని. డయాలసిస్ గొట్టం మూసుకుపోవడానికి ఎక్కువసార్లు అసలు కారణం వేరే చోట ఉంటుంది. గొట్టాన్ని సిరకు కుట్టిన చోట, అలవాటు లేని ఒత్తిడికి సిర గోడ మందమై దారి ఇరుకవుతుంది. దారి ఇరుకై ప్రవాహం మందగిస్తే రక్తం గడ్డకట్టడం ఖాయం. నాన్నగారికి జరిగింది అదే. గడ్డను తీసేశాక డాక్టరుగారు ఎక్స్‌రే తెర మీద ఆ కుట్టు దగ్గరి ఇరుకును చూపించి, బెలూన్‌తో వెడల్పు చేశారు. "పూత ఉన్నది వేయించి ఉంటే?" అని నేను అడిగాను. "మొదట్లో కొంత సాయపడేదేమో. కుట్టు దగ్గర ఇరుకును అది ఆపేది కాదు" అన్నారాయన. ఆ మాట అమ్మకు రెండుసార్లు చెప్పించాను.

ఇరుకు సంగతి ఎలా ఉన్నా, మా తప్పు మరొకటి ఉంది. గొట్టం మీద రెండు వేళ్లు ఆనిస్తే లోపల తుమ్మెద రొదలాంటి కదలిక తెలుస్తుంది. దాన్ని థ్రిల్ అంటారు. రోజూ పొద్దున స్కూలుకు బయల్దేరే ముందు అది చూడటం నా పని. ఆ రోజు యూనిట్ టెస్ట్ పేపర్ల హడావిడిలో చూడలేదు. సాయంత్రం చూస్తే చెయ్యి నిశ్శబ్దంగా ఉంది. ఆ రాత్రే తీసుకెళ్లాం కాబట్టి గొట్టం దక్కింది. పొద్దున ఎప్పుడు ఆగిపోయిందో ఇప్పటికీ మాకు తెలియదు.

ఇంట్లో ఎవరికైనా డయాలసిస్ ఫిస్టులా, గ్రాఫ్ట్ ఉంటే

- రోజూ ఒకే వేళకు థ్రిల్ చూడండి. పెద్ద పిల్లలకూ నేర్పండి, వాళ్లు శ్రద్ధగా చేస్తారు.
- థ్రిల్ ఆగినా, బాగా తగ్గినా, మరుసటి డయాలసిస్ దాకా ఆగకుండా ఆ రోజే సెంటరుకు ఫోన్ చేయండి.
- ఆ చేతికి బీపీ చూడనివ్వకండి, రక్తం తీయనివ్వకండి. బిగుతు గాజులు, వాచీ వద్దు. ఆ చెయ్యి తల కింద పెట్టుకుని పడుకోవద్దు. బరువైన సంచులు మోయొద్దు.
- ఎరుపు, వాపు, నొప్పి, జ్వరం కనబడితే చెప్పడానికి ఆలస్యం చేయకండి.
- రక్తం పల్చబడటానికి ఇచ్చిన మాత్రలను సొంతంగా మానొద్దు, సొంతంగా మొదలుపెట్టొద్దు. పన్ను తీయించుకునే ముందు కూడా డాక్టరును అడగండి.
- ఎప్పుడైనా హెపారిన్ పడలేదని చెప్పి ఉంటే, గొట్టం వేసేముందు ఆ కాగితం తప్పకుండా చూపించండి.

పిల్లలతో చేసి చూడండి

రెండు గాజుగ్లాసులు తీసుకోండి. ఒకదాంట్లో నీళ్లు, రెండోదాంట్లో పాలు పోసి, పది నిమిషాల తర్వాత పారబోయండి. రెండింటినీ ఒక్కసారి చన్నీళ్లతో తొలిచి, ఆరాక వెలుతురులో పట్టుకోండి. పాలు పోసిన గ్లాసు మసకగా కనిపిస్తుంది. పాలలోని ప్రోటీన్, కొవ్వు గోడకు పట్టాయి. గోడకు ప్రోటీన్ అంటుకోవడమంటే ఏమిటో ఇక వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఇడ్లీ రేకుకు ఒక గుంటలో నూనె రాసి, ఒక గుంటలో తడిబట్ట వేసి, ఒకటి ఊరికే వదిలేసి, ఏ ఇడ్లీ ఎలా వచ్చిందో పిల్లల్నే రాసుకోమనండి. తినే పని ఎలాగూ వాళ్లదే.

ఇంటర్‌లో ఎంపీసీనా, బైపీసీనా అని తొమ్మిదో తరగతి నుంచే అడిగే తల్లిదండ్రులకు ఒక మాట. ఈ కథలో సర్జన్లున్నారు, కుట్టుమిషనుంది, పాలిమర్ కెమిస్ట్రీ ఉంది, పురుగుల్ని తినే మొక్క ఉంది. మన దేశంలోనే తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో డాక్టర్లు, ఇంజనీర్లు కలిసి తయారు చేసిన గుండె కవాటాన్ని 1990లో మొదటిసారి మనిషికి అమర్చారు. ఈ రంగానికి రెండు గ్రూపుల పిల్లలూ కావాలి.

పూర్తిగా శరీరపు పొరలా పనిచేసే పూత ఇంకా రాలేదు. 2024 డిసెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ, ల్యాబ్‌లో మనిషి కణాలతో పెంచి, తర్వాత ఆ కణాలను తీసేసిన రక్తనాళాన్ని ప్రమాదాల్లో కాళ్లూ చేతుల ధమనులు తెగినవాళ్ల కోసం అనుమతించింది. ఒకరోజు పూతల అవసరమే తగ్గొచ్చు. అందాకా గొట్టం లోపల పలకరించే పొర లేని లోటును పూత కొంత, మాత్రలు కొంత, ఇంట్లోవాళ్ల రెండు వేళ్లు కొంత తీరుస్తున్నాయి.

మా విద్యార్థినికి మర్నాడు ఈ జవాబంతా చెప్పాను. విని, "అయితే మేడం, పెనం మీద ఏళ్ల తరబడి దోసె పోస్తూనే ఉంటే?" అంది. ఆ ప్రశ్న మీ ఇంట్లో కూడా వస్తుంది. సిద్ధంగా ఉండండి.

ఇక ఇప్పుడు నేను పొద్దున ఏడున్నరకు ఫోన్‌లో అలారం పెట్టుకున్నాను. పరీక్షల రోజైనా సరే, నాన్నగారి చేతి మీద వేళ్లు ఆనించాకే గుమ్మం దాటుతున్నాను.